గుట్టు సమీక్షకుడికెరుక!

అగథా క్రిస్టీ నాటకం ‘ద మౌస్‌ట్రాప్’ లండన్‌లో 1952లో మొదలైంది. హంతకుడెవరో బయట చెప్పొద్దని ఆట చివర ప్రేక్షకులను కోరతారు. పాపం, జనం మాట నిలబెట్టుకుంటున్నారు.

సమీక్షకుడి నోట్లోనే నువ్వుగింజ నానదు.

‘గుట్టు విప్పను’ అంటూనే, ‘ఆ మంచి డాక్టరుగారిని మాత్రం ఓ కంట కనిపెట్టండి’ అంటాడు.

సాహిత్య నవలతో గుట్టు బయటపడుతుందన్న బెంగ లేదు. నాలుగొందల పేజీల్లో ఏమీ జరగదు. దానికి ‘లోతైన మౌనం’ అని కితాబు!

ఇక మాజిక్ రియలిజం. మార్క్వెజ్ 1967 నవలలో అందాల రెమెడియోస్ దుప్పట్లతో సహా ఆకాశంలోకి ఎగిరిపోతుంది. ఎందుకెగిరిందో మన సమీక్షకుడు మూడు కాలమ్‌లు రాస్తాడు. ఆ ఇంటి కోడలు ఫెర్నాండా మాత్రం, నా దుప్పట్లు నాకిప్పించమని దేవుణ్ని వేడుకుంటుంది.

మొత్తమ్మీద సూటిగా మాట్లాడింది ఆవిడొక్కతే.