తల్లి నేర్పిన తిండి

నేను కాలిఫోర్నియా తీరమున, మాంటెరే అఖాతములోని కెల్ప్ నాచువనముల నడుమ పుట్టిన సముద్రపు నీటికుక్కను. బొచ్చు కొరకై సాగిన వేటలో మా వంశము ఈ తీరమున అంతరించినదని లోకము తలచియుండగా, 1938లో బిక్స్‌బీ క్రీకు ముఖమున ఒక చిన్న గుంపు కంటబడెను. నేడిచటనున్న మేమందరము ఆ మిగిలినవారి సంతతివారమే.

సీళ్లకున్నట్లు మాకు చర్మము క్రింద క్రొవ్వుపొర లేదు. దట్టమైన బొచ్చును నమ్ముకొని చన్నీట బ్రతుకువారము గనుక, ఒడలి వేడి నిలుపుకొనుటకై దినదినము మా బరువులో నాలుగవ వంతు తినవలసియుండును. ఆబలోనీ గుల్లలు, పీతలు తరిగిపోయిన చోట ఒక్కొక్కరము ఒక్కొక్క తిండికి అలవాటుపడుదుము. ఆ అలవాటు తల్లినుండి బిడ్డకు సంక్రమించును. మా అమ్మ నత్తలు తినెడిది. కెల్ప్ కాడలపై ప్రాకు నల్లని నత్తలను చంకక్రింది మడతలో నింపుకొని పైకి వచ్చి, వెల్లకిల తేలుచు, పొట్టమీది రాతికి ఒక్కొక్కదానిని మోది, గోరంత మాంసమును నా నోటికందించెడిది. నా కూతురికి నేను నేర్పినదియు అదియే.

ఆ గోరంతలోనే మృత్యువు దాగియుండునని అమ్మకెట్లు తెలియును? టాక్సోప్లాస్మా గోండీ అను పరాన్నజీవికి పిల్లి ప్రేగులే జన్మస్థానము. తొలిసారి ఆ పరాన్నజీవి సోకిన పిల్లి, కొలదిదినములలోనే, పది పన్నెండు మైక్రాన్లకు మించని బీజములను లక్షలకొలదిగా మలముతో విడుచును. గట్టి పెంకు గల ఆ బీజములు నెలల తరబడి చావక, వానలకు ఊళ్లమీదుగా, వాగులవెంట కడలి చేరి, కెల్ప్ ఆకులపైని జిగురుపొరకు అంటుకొనును; ఆ పొరను గీకి తినుటయే నత్తల జీవనము. నత్తలే ముఖ్యాహారముగా గల నీటికుక్కలకు ఈ పరాన్నజీవి మిక్కిలిగా సోకుచున్నదని 2009లో ప్రకటితమైన పరిశోధన తేల్చెను. ఒపాసమ్ అను జంతువు మలమునుండి వచ్చు సార్కోసిస్టిస్ అను పరాన్నజీవి మరియొక శత్రువు. 2004 ఏప్రిల్‌లో మారో బే ప్రాంతమున మావారెందరినో అది పొట్టనబెట్టుకొనెను.

ఒకానొక శీతకాలపు వానల పిమ్మట అమ్మ పాదములు వణకసాగెను, చేతిలోని రాయి పలుమారు జారిపోయెను. ఆ పరాన్నజీవి వలన మెదడు వాచిన జీవికి బొచ్చు దువ్వుకొను ఓపికయెక్కడిది? దువ్వని బొచ్చులోనికి చన్నీరు దూరును. ఇక వేడి నిలువదు. అలలు ఆమెను ఒడ్డునకు చేర్చినవి.

తీరమున గడ్డితో నిండిన చిత్తడినేలలున్న చోట ఆ బీజములు చాలవరకు అందే చిక్కుకొనును. ఆ చిత్తడులను పూడ్చి కట్టడములు లేపిన చోట బీజములు తిన్నగా మా తిండిలోనికి వచ్చును. పిల్లులను ఇంటనే ఉంచి పెంచువారును, పూడిన చిత్తడులను పునరుద్ధరించువారును ఈ తీరమున లేకపోలేదు. వారి పూనిక వాగుల పుట్టుకచోట్లవరకును సాగవలెను.