సీసా మీది సూత్రానికి టీక

మూలం: రోజుకొక సీసా, మంచి బ్యాక్టీరియా, మంచి పొట్ట.

అవతారిక: ప్రోబయోటిక్ పానీయాల ప్రకటనల ధోరణికి ఇది నమూనా. సూత్రం అల్పాక్షరంగా, అసందిగ్ధంగా ఉండాలన్నారు పెద్దలు. ఇందులో మొదటి లక్షణమే ఉంది. క్రియాపదం లేదు, కాబట్టి ఎవరు ఎవరికి ఏం చేస్తారో చెప్పే పూచీ కూడా లేదు.

రోజుకొక, సీసా: సులభం.

బ్యాక్టీరియా: లాటిన్ బహువచనం. ఏకవచనం బ్యాక్టీరియం. తెలుగువారు దీనికి మళ్లీ 'లు' తగిలించి 'బ్యాక్టీరియాలు' అంటారు. బహువచనానికి బహువచనమా అని ఆక్షేపిస్తే, సంఖ్య చూడమని సమాధానం: 2016 నాటి అంచనాలో 70 కిలోల మనిషి ఒంట్లో ఇవి సుమారు 38 లక్షల కోట్లు, మనిషి సొంత కణాలు సుమారు 30 లక్షల కోట్లు. పదింతలన్న పాత లెక్క ఉపన్యాసాల్లో ఇంకా బతికే ఉంది. ఇక సమాసం సంగతి. సంస్కృతానికి తెలుగు అతికితే వైరి సమాసమని విరుచుకుపడే పండితులు, 'మంచి' అనే దేశ్యానికి లాటిన్ అతికితే ఏమనాలో తేల్చలేదు. విశేషణ పూర్వపద కర్మధారయమని సరిపెట్టుకోవచ్చు. వైరం సమాసంతో కాదు, విశేషణంతోనే.

మంచి: ఈ.కోలైలో ఎక్కువ రకాలు పేగులో కాపురమున్నంతకాలం నిరపాయం. అవే మూత్రనాళంలోకి చేరితే మంట, జ్వరం. మారింది గుణం కాదు, చిరునామా. క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ కొందరి పేగుల్లో చడీచప్పుడు లేకుండా పడి ఉంటుంది. యాంటీబయాటిక్ ఇరుగుపొరుగును ఊడ్చేశాక విజృంభించి, విషం వదిలి, విరేచనాలతో మనిషిని పీల్చేస్తుంది. 2013లో వెలువడిన నెదర్లాండ్స్ ప్రయోగంలో, ఈ రోగం తిరగబెట్టిన 16 మందికి ఆరోగ్యవంతుల మలాన్ని ఉప్పునీటిలో కలిపి, వడగట్టి, ముక్కు గొట్టం ద్వారా పేగులోకి ఎక్కించారు. 13 మందికి మొదటి విడతకే తగ్గింది. దీన్ని సీసా మీద ఎవరూ అచ్చువేయరు. వైరస్ తెచ్చిన జలుబుకు చీటీ లేకుండానే యాంటీబయాటిక్ చేతిలో పెట్టి, పొట్ట పాడవుతుందేమో అని పక్క అరలోంచి ఈ సీసా కూడా అంటగట్టే మందుల షాపుకు మాత్రం రెండూ మంచివే.

పొట్ట: ఇక్కడ లక్ష్యార్థం పెద్దపేగు, జనాభాలో అధికభాగం అక్కడే. మనిషికి అరగని పీచును అవి పులియబెట్టి బ్యుటిరేట్ చేస్తాయి. పెద్దపేగు లోపొర కణాలకు ముఖ్య ఇంధనం అదే. తల్లిపాలలోనూ బిడ్డకు అరగని చక్కెరలున్నాయి. అవి బిడ్డ కోసం కాదు, బిడ్డ పేగులోని బిఫిడోబాక్టీరియా కోసం వడ్డించినవి. చద్దన్నంలో కొంత పిండి అరగని రూపానికి మారి ఇలాగే అతిథుల పాలవుతుంది. సీసాలో వచ్చినవాళ్లు చాలావరకు బాటసారులు; తాగడం మానేస్తే వెళ్లిపోతారు.

వాచ్యార్థమే కావాలంటే పొట్ట జీర్ణాశయం. ఆ ఆమ్లంలో స్థిరపడే ఘనుడు హెలికోబాక్టర్ పైలోరి, పుండ్లకు కారకుడు. ఆస్ట్రేలియా వైద్యుడు బ్యారీ మార్షల్ 1984లో ఈ క్రిములున్న ద్రవం తాగి, వాంతులు తెచ్చుకుని, పొట్ట వాచినట్టు పరీక్షలో చూపించాడు. 2005లో రాబిన్ వారెన్‌తో కలిసి నోబెల్ అందుకున్నాడు. ఆయన తాగింది రోజుకొకటి కాదు, ఒక్కసారే.