వాచ్‌మన్ చిట్టా

మా అపార్ట్‌మెంట్‌కి కొత్త వాచ్‌మన్ కావాలి. ‘పోలీసు క్లియరెన్స్ సర్టిఫికెట్ తెస్తేనే ఉద్యోగం’ అన్నారు అధ్యక్షులవారు మీసం దువ్వుతూ. అది అతనే తెచ్చుకోవాలి. పక్కవాడి చిట్టా మనం వెళ్లి అడిగితే వ్యక్తిగత సమాచారమని పంపేస్తారు.

అడక్కుండానే గుమ్మంలోకొచ్చే చిట్టా ఒక్కటే, ఎన్నికల అభ్యర్థిది! 2002 నాటి సుప్రీంకోర్టు తీర్పు పుణ్యమా అని కేసులన్నీ ఫారం 26లో రాసివ్వాలి. 2018 తీర్పుతో పేపర్లో మూడుసార్లు ప్రకటన కూడా. ఎన్నికల సంఘం యాప్ కూడా పెట్టింది, పేరు కేవైసీ (బ్యాంకువాళ్లు ప్రాణం తీసేది కాదు లెండి). మా ఇంట్లో ఆ ప్రకటన మీదే వేడి వేడి పకోడీలు పోశారు. నూనె పీల్చి సెక్షన్లన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి.

‘ఇలాంటివాడికి టికెట్ ఎందుకిచ్చారో చెప్పండి, గెలుస్తాడని మాత్రం చెప్పకండి’ అని 2020లో కోర్టు పార్టీలను అడిగింది. ఇంకేముంది, ‘ప్రజాసేవ’ అనే మాటకి గిరాకీ పెరిగింది.

అన్నట్టు, వాచ్‌మన్‌ని వద్దన్నారు. ఎప్పుడో ఏదో చిన్న కేసుందట. ఆ మాట చెప్పి అధ్యక్షులవారు కండువా సర్దుకుని, ఆరు కేసుల అభ్యర్థి ప్రచారానికి బయల్దేరారు.