‘ఖరగపూరులోన కారు గలిగి’: టీకా తాత్పర్యం

అవతారిక: కోలాచలం మల్లినాథసూరి కాళిదాసు మహాకావ్యాలను విప్పి చెప్పాడు గానీ, చలికాలంలో కారుకు సీలెంటు పూయడం గురించి ఒక్క ముక్కా రాయలేదు. ఆ లోటు తీర్చడమే ఈ వ్యాఖ్య ప్రయోజనం. పద్యకర్తా వ్యాఖ్యాతా ఒకరే కావడంతో కవి హృదయం కోసం ఎవరి ఇంటి చుట్టూ తిరగాల్సిన పని లేకపోయింది.

ఆటవెలది:
మంచు కడిగి యినుప మట్టి నూడ్చి తుడిచి
యెండ నడుమ నార నిచ్చి నిలిపి
పూత పూయు వాడె పుణ్యాత్ము డగునయ్య
ఖరగపూరులోన కారు గలిగి.

ప్రతిపదార్థం: ఖరగపూరులోన = బెంగాల్ నాగపూర్ రైల్వే వర్క్‌షాపు చుట్టూ పెరిగిన పట్నమందు; కారు గలిగి = (వాయిదాలు తీరకున్నను) కారు గలవాడై; మంచు = రాత్రి కారుపై పేరుకొన్న తేమను; కడిగి = దుమ్ముతో కూడ పోగొట్టి; ఇనుప మట్టిన్ = చక్రములనుండి, బ్రేకులనుండి, పట్టాలనుండి రాలిన రజమును; ఊడ్చి = (చీపురుతో గాదు) మందుతో విడదీసి; తుడిచి = మెత్తని మైక్రోఫైబరు గుడ్డతో అద్ది; ఎండ నడుమన్ = పగలు పదింటికీ రెండింటికీ మధ్య; ఆరన్ ఇచ్చి = సందులలోని నీరు సయితము పోవునట్లు చేసి; నిలిపి = నీడపట్టున ఉంచి; పూత పూయువాడె = సీలెంటు పట్టించువాడే; పుణ్యాత్ముడు అగున్ అయ్య = ధన్యుడు సుమా.

తాత్పర్యం: పూత పూయడం ఘడియ పని. పూతకు ముందున్నదే పని.

విశేషాలు: ‘మంచు’తో పద్యం ఎత్తుకోవడం ఊరికే కాదు. మబ్బు లేని జనవరి రాత్రి కారు పైకప్పు తన వేడినంతా ఆకాశానికి వదిలేసి చుట్టూ ఉన్న గాలికంటే ఎక్కువ చల్లబడుతుంది. అందుకే వరండా గచ్చు పొడిగా ఉన్నా కారు మాత్రం తెల్లారేసరికి స్నానం చేసినట్టుంటుంది. ఆ తేమకు ఎర్రమట్టి దుమ్ము, సంక్రాంతి రోజుల్లో అయితే మథురాకాటి పేటలో భోగిమంటల మసి కూడా అంటుకుంటాయి. దాన్ని భుజాన ఉన్న గామ్ఛాతో తుడిచారో, పెయింటు మీద సాలెగూడు లాంటి గీతలు ఖాయం. ముందు ఒట్టి నీళ్లు ధారగా పోయాలి. ఆ తర్వాతే షాంపూ, అదీ కార్ల షాంపూ, బట్టల సబ్బుపొడి కాదు. బకెట్లు రెండు, ఒకటి నురగకు, రెండోది గుడ్డ జాడించడానికి. చక్రాలకు వేరే గుడ్డ. నీళ్లు గోరువెచ్చగా ఉంటే చాలు. చల్లటి అద్దం మీద సలసల కాగే నీళ్లు పోసి, పగిలాక కవిని నిందించవద్దు.

ఇక ‘ఇనుప మట్టి’. ఇది ఈ పద్యానికి ప్రాణం. ఈ ఊళ్లో ప్లాట్‌ఫారం పొడవు 1072.5 మీటర్లు, 2013లో గోరఖ్‌పూర్ ముందుకు వచ్చేదాకా ప్రపంచంలో దాన్ని మించింది లేదు. అంత పొడవునా ఆగే ప్రతి బండీ చక్రాల నుంచీ బ్రేకుల నుంచీ కంటికి కనపడనంత ఇనుము రాల్చుతుంది. వేడి మీదున్న ఆ రవ్వ పెయింటు పైపొరలో దిగబడి, మంచు తగిలి తుప్పు పట్టి, తెల్లకారు మీద నారింజరంగు చుక్కగా బయటపడుతుంది. కొత్త కార్లను రైళ్లలో తరలించే దేశాల్లో పెయింటు పనివాళ్లు దీనికి ‘రైల్ డస్ట్’ అనే పేరు పెట్టారు. వాళ్ల కార్లు రైలెక్కి ఈ జబ్బు తెచ్చుకుంటాయి. మన కార్లకు ఇంటి ముందు నిలబడితే చాలు.

షాంపూతో ఇది కదలదు. ఐరన్ రిమూవర్ అనే మందు చల్లాలి. అందులో ఉండేది థయోగ్లైకోలేట్, జుట్టు రింగులు తిప్పడానికి వాడే జాతి రసాయనం. ఇనుము తగలగానే నేరేడుపండు రంగులోకి మారి కారుతుంది. వాసన గురించి వ్యాఖ్యాత మౌనం వహిస్తున్నాడు. చలిలో దాని పని మెల్లగా సాగుతుంది కనుక కొన్ని నిమిషాలు ఓపిక పట్టాలి, అలాగని పెయింటు మీదే ఎండిపోనివ్వకూడదు. కడిగేశాక పల్చటి ప్లాస్టిక్ సంచిలో చెయ్యి దూర్చి బానెట్ మీద నిమరండి. ఇంకా గరగరలాడితే క్లే బార్ పట్టాలి. చలికి అది బిగుసుకుపోతుంది కనుక గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి మెత్తగా చేసుకుని, జారుడు ద్రవం చల్లుతూ రుద్దాలి. కింద పడిన క్లేను మళ్లీ కారుకు తాకించడం మహాపాపం.

ఈ ఘట్టంలో ఒక పూర్వవ్యాఖ్యాత అడ్డుపడ్డాడు. వర్క్‌షాపులో ఫిట్టరుగా రిటైరైన మా వీధి పెద్దాయన. వాళ్ల తాత శ్రీకాకుళం నుంచి ఈ రైల్వే పని వెతుక్కుంటూ వచ్చినవాడు. నేను నేరేడురంగు నీళ్లు కాలవలోకి తోస్తుంటే గేటు దగ్గర నిలబడి, “ఏటి బాబూ, దాన్ని మురికంతావేటి? మన తాతలు తిన్న తిండి గదా అది!” అన్నాడు. శాస్త్రరీత్యా ఇది కారణాన్ని కార్యంగా భ్రమించడం. అయినా మందు సీసా కాసేపు పక్కన పెట్టాను.

శంక: కారును ఎండలో కడగరాదని లోకమంతా అంటుంటే కవి ‘ఎండ నడుమ’ అన్నాడేమి?
సమాధానం: ఆ నియమం వైశాఖానికి. కాలిన బానెట్ మీద షాంపూ ఎండిపోయి మరక కడుతుంది. జనవరిలో ఆ భయం తక్కువ, చలి భయమే ఎక్కువ. చాలా సీలెంట్లు పది డిగ్రీలకు పైన ఉంటేనే సరిగ్గా పట్టుకుంటాయి. ఇక్కడ రాత్రి ఆ అంకె దగ్గరికి దిగే రోజులుంటాయి. కనుక ‘ఎండ నడుమ’ అంటే వేళ, చోటు కాదు, చోటు నీడే. విశాఖ నుంచి కొత్తగా వచ్చినవారు ఇక్కడే బోల్తా పడతారు. గడియారం అక్కడిదీ ఇక్కడిదీ ఒకటే గానీ సూర్యుడు బెంగాలు వాడు: జనవరి మొదట్లో అయిదు దాటిన కాసేపటికే దిగిపోతాడు. వెంటనే మంచు మళ్లీ మొదలు.

‘ఆరనిచ్చి’ అనే మాటను పాఠకులు తేలిగ్గా దాటేస్తారు. అద్దాల గూళ్లలో, తలుపు అంచుల్లో, పెట్రోలు మూత వెనక, నంబరు ప్లేటు కింద నీళ్లు దాక్కుంటాయి. సరిగ్గా పూత పూస్తున్నప్పుడే కన్నీరులా జారతాయి. నెమ్మదిగా ఒక వీధి తిప్పి, రెండు మూడుసార్లు బ్రేకు నొక్కి, తలుపులన్నీ తెరిచి మళ్లీ తుడవాలి. చివరగా నీళ్లు కలిపిన ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో ఒక తుడుపు, కొంచెం కొంచెంగా; అది ఆవిరవుతూ రేకును ఇంకా చల్లబరుస్తుంది, చెమ్మగాలిలో దానికే తేమ పట్టవచ్చు. కిరసనాయిలు పాఠం ఒకటి ప్రచారంలో ఉంది. నిగనిగలాడిస్తుంది, నిజమే. ఆ జిడ్డు మీద సీలెంటు నిలవదు.

పూత గురించి చెప్పడానికి పెద్దగా లేదు. పల్చగా పూయాలి, డబ్బా మీద రాసినంతసేపు ఆగాలి, తుడిచెయ్యాలి.

పాఠభేదం: నాలుగో పాదం చివర ‘కారు గలిగి’ కాదు, ‘కారు లేక’ అని ఉండాలని మా పెద్దాయన పట్టు. మా ఊరి చౌరంగీ వైపు రోడ్డు పక్కన, చలి పొద్దుల్లో మోకాళ్లదాకా తడిసి పరుల కార్లు కడిగి మెరుగులు పెట్టే కుర్రాళ్లను చూపించి, పూత పూసేది వాళ్లయితే పుణ్యం నీకెలా వస్తుందని అడిగాడు. గణాలు సరిచూశాను. యతి సరిచూశాను. రెండూ కుదిరాయి.