పుట్టని కరెంటుకు బేరం

కేంద్రకాలను కలిపి, సూర్యుడి పద్ధతిలో కరెంటు తీస్తామంటున్న అమెరికా స్టార్టప్ హీలియన్‌తో మైక్రోసాఫ్ట్ 2023లోనే కొనుగోలు ఒప్పందం చేసుకుంది.

డెలివరీ 2028 నుంచి. సరుకు కనీసం 50 మెగావాట్లు. ఇవ్వకపోతే జరిమానా.

ఇలా కేంద్రకాలను కలిపే ఫ్యూజన్ యంత్రం ఏదీ, ఎక్కడా, ఇంతవరకు గ్రిడ్‌కు ఒక్క యూనిట్ ఇచ్చిన పాపాన పోలేదు.

ఆలూ చూలూ సంగతి తర్వాత, సోమలింగానికి సంబంధం ఖాయం!

సర్కారీ శాస్త్రవేత్తలు తరతరాలుగా ‘ఇంకో 30 ఏళ్లు’ అంటూ వచ్చారు. ప్రైవేటు వాళ్ల సామర్థ్యమే వేరు. ‘ఇంకో అయిదేళ్లు’ అంటారు.

ఇంతకీ హీలియన్‌లో సామ్ ఆల్ట్‌మన్ పెట్టుబడి ఉంది. ఆయన నడిపే ఏఐ కంపెనీ ఓపెన్‌ఏఐలో మైక్రోసాఫ్ట్ పెట్టుబడి ఉంది. కరెంటు కొనేదీ మైక్రోసాఫ్టే.

కరెంటు రాలేదు గానీ, సర్క్యూట్ మాత్రం పూర్తయింది.