బంద్-చాలూ బావ

మా బావకు తెలిసిన వైద్యం ఒక్కటే: బంద్-చాలూ. మగ్గం మొరాయించినా, మోటారు మూలిగినా, టీవీ మసకబారినా ముందు బంద్ చేస్తాడు, వేళ్ల మీద ముప్పై లెక్కపెడతాడు, మళ్లీ చాలూ చేస్తాడు. సూరత్‌లో లింబాయత్, ఉధ్నా గల్లీల్లో పెరిగిన తెలుగువాడికి ఈ రెండు మాటలూ అ అంటే అమ్మ కన్నా ముందొస్తాయి. నగరపాలిక వాళ్ల తెలుగు మీడియం బడిలో చదివి, మరమగ్గాల చప్పుడులో పెద్దవాడైన మనిషి, ఇంట్లో వైఫై రౌటర్ పెట్టిన రోజు నుంచి ఇంజనీరు కూడా అయ్యాడు. మీ ఇంట్లోనూ ఇలాంటివాడు ఒకడుంటాడు. పాస్‌వర్డ్ ఆయన దగ్గరే ఉంటుంది.

ప్రింటర్ 2018లో వచ్చింది. యాభై వేలు దాటిన సరుకు రాష్ట్రం దాటాలంటే ఆ ఏప్రిల్ నుంచి ఈ-వే బిల్లు ఉండాలన్నారు. బావ కరీంనగర్ దుకాణాలకు చీరల పార్సిళ్లు పంపుతాడు. ప్రతిసారీ జిరాక్స్ షాపు ముందు నిలబడలేక వైఫై ప్రింటర్ కొన్నాడు. "ఒక్కటి కొంటే మూడంతస్తులకు సరిపాయె!" అన్నాడు. కింద మగ్గాలు, మధ్యలో అక్కావాళ్లు, పైన మేము. మార్కండేయుడి పటం కింద రౌటర్, దాని పక్కన ప్రింటర్. మగ్గాల దుమ్ము పడకుండా దానిమీద జరీ అంచు చీరముక్క. నా పెళ్లిలో బావ పెట్టిన బట్టల కన్నా అది మంచి రకం.

పైనుంచి నేనూ ప్రింట్ ఇచ్చుకోవచ్చని పాస్‌వర్డ్ చెవిలో చెప్పాడు: 12345678. ఇంటర్నెట్ బ్రహ్మాండంగా వచ్చింది. ప్రింటర్ మాత్రం కనబడదు. ఒక ఆదివారమంతా డ్రైవర్ తీసేశాను, మళ్లీ వేశాను. బావ తొమ్మిదిసార్లు బంద్-చాలూ చేశాడు. చివరికి ఎనిమిదో తరగతి చదివే మేనకోడలు నా లాప్‌టాప్‌లోకి తొంగిచూసి, "మామా, నువ్వు గెస్టువి" అంది.

సంగతేమిటంటే, మా రౌటర్లో రెండు నెట్‌వర్కులున్నాయి. గెస్ట్ నెట్‌వర్క్‌లో ఉన్నవాడికి ఇంటర్నెట్ దొరుకుతుంది గానీ ఇంట్లోని ప్రింటర్, కంప్యూటర్ కనబడవు. వరండాలో కూచోబెట్టి మంచినీళ్లివ్వడం లాంటిది. ఇంట్లోవాళ్లకు వేరే పాస్‌వర్డ్ ఉంది. ఏడేళ్లుగా పైన కాపురముంటున్న నన్ను బావ వరండాలో కూచోబెట్టాడు.

"మర్యాదే చేసిన గదరా బామ్మర్దీ!"

లోపలికి రానిచ్చాక ఇంకో ముచ్చట తెలిసింది. పైన నొక్కితే కాగితం కింద పడుతుంది, బావ చదువుతాడు. హైదరాబాద్ ఉద్యోగానికి గుట్టుగా బయోడేటా ప్రింట్ ఇచ్చి నేను మెట్లు దిగేలోపు, ఆయనే కళ్లజోడుతో మెట్లెక్కి వచ్చాడు. "మమ్ముల ఇడిసి పోతవా?" అనలేదు. "ఫోన్ నంబర్ల ఒక అంకె తక్కువున్నది, సూడు" అన్నాడు. నిజంగానే తొమ్మిదే ఉన్నాయి.

ఇక కరెంటు రెప్ప వేసిందంటే చాలు, ప్రతి లాప్‌టాప్‌లోనూ ప్రింటర్ 'ఆఫ్‌లైన్'. రౌటర్ అంటే పెళ్లి విడిదిలో గదులు పంచే పెద్దమనిషి. వచ్చినవాళ్లకు వచ్చినట్టు నంబర్లిస్తాడు: 192.168.1.7, 192.168.1.8, అలాగ. మా పెద్దమనిషికి మతిమరుపు. కరెంటు పోయొస్తే పంపకం మొదటికొస్తుంది. నిన్న ఏడో గదిలో ఉన్న ప్రింటర్ ఇవాళ పదకొండులో దిగుతుంది. మా లాప్‌టాప్‌లేమో ఏడో గది తలుపే బాదుతుంటాయి. అక్కడున్నది అక్క ఫోను, అది పలకదు. బావ బంద్-చాలూ చేస్తే ఒక్కోసారి అదృష్టం బాగుండి ప్రింటర్‌కు మళ్లీ ఏడే దక్కుతుంది. ఆయన నమ్మకమంతా ఆ ఒక్కోసారి మీదే నిలబడి ఉంది. ఈలోగా మేనకోడలు నొక్కిన నొక్కుడు వృథా పోదు, వరసలో నిలబడి ఉంటుంది. ప్రింటర్ లేచీ లేవగానే తాపీ నది పటం ఎనిమిది కాపీలు వచ్చాయి. 2006లో ఊరిని ముంచిన నది ఈసారి మా అక్క హాల్లో పారింది.

బావ సిరిసిల్లకు పెళ్లికి వెళ్లిన రోజు నేనొక పని చేశాను. రౌటర్ పేజీ తెరిచాను (దాని పాస్‌వర్డ్ వాళ్ల పెళ్లి తేదీ, ఆయన గుర్తుపెట్టుకున్న తేదీ అదొక్కటే). నెట్‌కు తగిలించే ప్రతి యంత్రానికీ పుట్టుకతో ఒక మ్యాక్ అడ్రస్ ఉంటుంది, పుట్టుమచ్చలాగా. ఆ పుట్టుమచ్చ గుర్తు మీద 192.168.1.50 అనే గదిని ప్రింటర్‌కు శాశ్వతంగా రాయించాను. అన్ని లాప్‌టాప్‌లకూ కొత్త గది చూపించాను. పది నిమిషాల పని.

అక్కడితో ఆగి ఉంటే నేను మంచివాణ్ని. ఎవరెవరు నెట్‌లో ఉన్నారో చూపించే పట్టిక ఆ పేజీలోనే కనబడింది. ఇప్పుడు రోజూ పడుకునే ముందు దాన్ని చూడందే నాకు నిద్ర పట్టదు. ఆ పేజీ పాస్‌వర్డ్ మార్చేశాను, కొత్తది అడిగితే మా ఆవిడకు కూడా చెప్పలేదు. మొన్న ఆఫీసు కాల్ మధ్యలో మొరాయిస్తే, ఎవరూ లేరని చూసుకుని స్విచ్ ఆపాను. వేళ్ల మీద ముప్పై దాకా లెక్కపెట్టాను.

మూడు నెలలుగా ప్రింటర్ ఒక్కసారి కూడా తప్పిపోలేదు. అదంతా తను రోజూ పొద్దున ఆరింటికి, దీపం పెట్టగానే చేసే బంద్-చాలూ మహిమేనని బావ గల్లీ అంతా చెబుతున్నాడు. నాలుగిళ్ల వాళ్లు మొదలుపెట్టారు కూడా. కాబట్టి సూరత్‌లోని బంధుమిత్రులకు మనవి: ఆరు నుంచి ఆరూ ఐదు దాకా మాకెవరూ ప్రింట్లు పంపకండి.