కుర్చీ బాగా వచ్చింది

మా అత్తవారింట్లో నాకున్న హోదా ‘సాఫ్ట్‌వేర్ అల్లుడు’. నేను చేసేది కంపెనీల వాళ్ళ జీతాల లెక్కలు కట్టే సాఫ్ట్‌వేర్. ఈ ముక్క పదిహేనేళ్ళుగా చెబుతూనే ఉన్నాను. అయినా నరసాపురంలో ప్రింటరు మొరాయించినా, టీవీలో సీరియల్ మధ్యలో ఆగిపోయినా, ఒకసారి మిక్సీ తిరగకపోయినా ఫోను నాకే వచ్చింది. కాబట్టి మావయ్యగారి సహస్ర చంద్ర దర్శనం కార్డు మీద ఆయన కార్టూన్ బొమ్మ వెయ్యాలని డాలస్‌లో ఉన్న మా బావమరిదికి తట్టగానే, ఆ పని ఎవరి నెత్తిన పడిందో వేరే చెప్పక్కర్లేదు.

“ఫొటో పెట్టి బటన్ నొక్కడమే బావా, అదే వచ్చేస్తుంది” అన్నాడు.

బటన్ నొక్కితే వచ్చేస్తుందని చెప్పేవాళ్ళు ఎప్పుడూ ఆ బటన్‌కి పదివేల మైళ్ళ దూరంలోనే ఉంటారు.

వెయ్యి పున్నములు చూడాలంటే 80 ఏళ్ళ 10 నెలలు పడుతుంది. అందులో సగానికి కాస్త తక్కువ కాలం హైస్కూల్లో తెలుగు చెప్పిన మనిషి మావయ్యగారు. జుట్టు పాలనురుగు. కళ్ళకి లావుపాటి నల్ల ఫ్రేము కళ్ళజోడు. మీసం మాత్రం నల్లగా నిగనిగలాడుతూ ఉంటుంది. ప్రతి ఆదివారం పొద్దున్నే పెరట్లో పాత టూత్‌బ్రష్‌తో దానికి జరిగే సేవ ఇంటిల్లిపాదికీ తెలుసు. ఎవరూ ఆ ప్రస్తావన తీసుకురారు.

కార్టూన్ అనేసరికి ఆయన ఒక్కటే షరతు పెట్టారు. “బాపు పుట్టిన ఊరండీ ఇది, అల్లుడుగారూ. 1933లో. నా బొమ్మ చూసి ఊరు నవ్వకూడదు.” కార్టూన్ ఉన్నదే అందుకు కదండీ అని నోటిదాకా వచ్చింది. అల్లుణ్ణి కనక మింగేశాను.

ఫొటో మా ఆవిడ ఇచ్చింది. వరండాలో ఆకుపచ్చ ప్లాస్టిక్ వైరు అల్లిన కుర్చీ, అందులో మావయ్యగారు, భుజాన గళ్ళ తువ్వాలు, వెనక తెల్లగా సున్నం కొట్టిన గోడ. ఆ ఫొటో వాళ్ళ పిన్నిగారి ఫోనులో పుట్టి, వాట్సాప్‌లో నాలుగైదు ఇళ్ళు తిరిగి, చిక్కి సగమై నా దగ్గరికొచ్చింది. ఆ రాత్రే డబ్బులడగని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఒకటి దింపుకుని కూర్చున్నాను.

కార్టూన్ ఫిల్టర్ చేసే పని వినడానికి చాలా తేలిక. ముందు ఫొటోలో ఎక్కడెక్కడ వెలుగు చటుక్కున మారుతోందో చూసి, అక్కడ నల్లగీత గీస్తుంది. అవి అంచులు. తర్వాత లోపలి రంగుల్ని నున్నగా అలికి, వాటి సంఖ్య తగ్గిస్తుంది. రెండూ ఒకదాని మీద ఒకటి పెడితే కార్టూన్. ఈ అంచులు పట్టుకునే పద్ధతుల్లో పేరున్నదాన్ని 1986లో చెప్పినాయన జాన్ కానీ. పద్ధతి దివ్యమైనది. కానీ, ఎనభయ్యేళ్ళ మొహం మీద వెలుగు మారని చోటంటూ ఉంటుందా?

నుదుటి మీద ఏడు గీతలు వచ్చాయి. కళ్ళ కింద పడవలు, మెడ నిండా కాలవలు. మావయ్యగారి మొహం పశ్చిమ గోదావరి నీటిపారుదల పటంలా తయారైంది. పైగా వాట్సాప్ ఫొటోల జేపెగ్ పద్ధతి బొమ్మని ఎనిమిదికి ఎనిమిది చుక్కల గళ్ళుగా కోసి కుదిస్తుంది. మామూలుగా అవి కంటికి ఆనవు. అంచుల కోసం ఆవురావురుమంటున్న ఫిల్టర్‌కి ఎందుకు ఆనవు? ప్రతి గడికీ గట్టు వేసింది. తువ్వాలు గళ్ళు, చెంపలు గళ్ళు. ఎక్కడ తువ్వాలు అయిపోయిందో, ఎక్కడ మావయ్యగారు మొదలయ్యారో తెలియడం లేదు.

మరో విడ్డూరం. తెల్ల గోడ మీద తెల్ల జుట్టు కదా, అక్కడ వెలుగులో తేడా లేదు. తేడా లేదు కాబట్టి అంచు లేదు, అంచు లేదు కాబట్టి తల లేదు. కనుబొమల పైన ఏడు గీతలు, ఆ పైన ఆకాశం.

కుర్చీ మాత్రం అద్భుతంగా వచ్చింది. ఒక్కొక్క వైరూ, ఒక్కొక్క ముడీ, ఎడమ చేతి దగ్గర తెగి వేలాడుతున్న కొసతో సహా. చేయి తిరిగిన చిత్రకారుడు వారం కూర్చుని వేసినట్టుంది. పొద్దున్న మా ఆవిడకి చూపించాను. చాలాసేపు చూసి, “కుర్చీ బాగా వచ్చిందండీ” అంది. ఆవిడ మంచి మనిషి. బాగున్నదాన్నే మెచ్చుకుంటుంది.

రెండో రాత్రి రంగుల మీద పడ్డాను. మామూలు ఫొటోలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కోటి 256 మెట్లు. మూడూ హెచ్చవేస్తే 1,67,77,216 రంగులు. కార్టూన్‌కి ఇంత వైభవం పనికిరాదు. పోస్టరైజ్ అనే ఆప్షన్లో మెట్లు నాలుగు చేస్తే 64 రంగులకి దిగుతుంది. దించాను. అంతవరకూ ఒకే చామనచాయగా ఉన్న మొహం హఠాత్తుగా ముక్కలైంది. 2022లో మన 13 జిల్లాలు 26 అయినట్టు బుగ్గ ఒక జిల్లా, గడ్డం ఒక జిల్లా, ముక్కుకి అటొక రంగు ఇటొక రంగు. అత్తయ్యగారు ఫోనులో చూసి, “ఏమ్మా, నాన్నగారికి ఒంట్లో బాగానే ఉంది కదా?” అని మా ఆవిణ్ణి అడిగారు. అప్పుడాయన అత్తయ్యగారి పక్కనే కూర్చుని కాఫీ తాగుతున్నారు.

ఇంక లాభం లేదని మూడో రోజు బావమరిది కూతురు డాలస్ నుంచి రంగంలోకి దిగింది. “మావయ్యా, ఈ ఫిల్టర్లు ఓల్డ్. ఏఐకి ఇచ్చేస్తే అయిపోతుందిగా!” 2025 మార్చిలో లోకమంతా జిబ్లీ బొమ్మలైపోయిన రోజులు మీకూ గుర్తుండే ఉంటాయి. జపాన్‌లో మియజాకి బృందం ఏళ్ళ తరబడి చేత్తో గీసే తీరుని జనం నిమిషంలో తమ పెళ్ళి ఫొటోలకి తొడిగేశారు. ఆ అమ్మాయి కూడా నిమిషంలోనే పంపింది. చక్కటి బొమ్మ. పచ్చటి చెట్లు, గాలికి ఎగిరే ఒత్తయిన జుట్టు, చెంపకి చారెడు కళ్ళు. మీసం లేదు. భుజం మీది తువ్వాలు పిల్లిపిల్ల అయింది.

మావయ్యగారు ఫోన్ని దూరంగా పెట్టి చూశారు. కళ్ళజోడు పైకెత్తి దగ్గరగా చూశారు. “కుర్రాడు బుద్ధిమంతుడిలా ఉన్నాడు. ఎవరి తాలూకు?” అన్నారు.

మీసం విషయంలో ఆయన నొచ్చుకున్నారని సాయంత్రం అత్తయ్యగారు విడిగా ఫోను చేసి చెప్పారు.

చివరికి శనివారం లాప్‌టాప్ చంకన పెట్టుకుని నరసాపురం వెళ్ళి, నేరుగా ప్రింటింగ్ ప్రెస్సులో వాలాను. కార్డు మీద అక్షరాలు అప్పటికే కంపోజ్ అయి ఉన్నాయి. అవి బాపు చేతిరాత తీరులో ఉన్న ఫాంటు. మన శుభలేఖల్లో సగం ఆ రాతలోనే ఉంటాయి కదా. ఆ అక్షరాల పక్కన నా బొమ్మ పెట్టి చూస్తే, ఊరు నవ్వడం అంటే మావయ్యగారి ఉద్దేశం ఏమిటో నాకర్థమైంది. రెండున్నర గీతల్లో ‘శ్రీ’ నిలబడి ఉంది. పక్కన మూడు వేల గీతలతో నా కుర్చీ.

డీటీపీ చేసే ఆయనకి నలభై ఏళ్ళుంటాయి. నా ఫైళ్ళన్నీ ఒకటొకటిగా తెరిచి, ఏమీ అనకుండా మూసేశాడు. “అసలు ఫొటో ఉందాండీ?” అన్నాడు. ఇచ్చాను. మౌస్ పట్టుకుని థ్రెషోల్డ్ అనేది తెరిచాడు. దాంట్లో రంగులూ మెట్లూ ఉండవు. మనమిచ్చిన అంకె కన్నా ముదురుగా ఉన్నదంతా నలుపు, తక్కినదంతా తెలుపు. స్లైడర్‌ని అటూ ఇటూ జరిపి 96 దగ్గర ఆపాడు. ముడతలు పోయాయి. గోడ పోయింది, తువ్వాలు పోయింది, చెంపలు పోయాయి. కుర్చీ ముక్కలు అక్కడక్కడా మిగిలితే రబ్బరుతో తుడిచేశాడు. నేను చూస్తూండగానే నా కళాఖండం గాలిలో కలిసిపోయింది.

తెర మీద మిగిలినవి రెండే. నల్ల ఫ్రేము కళ్ళజోడు, దాని కింద మీసం.

ఆయన గబుక్కున కుర్చీలోంచి సగం లేచాడు. “అరె, మన తెలుగు మాస్టారండీ!” అన్నాడు. ఆనక ఎడమ అరచెయ్యి ఒకసారి చూసుకుని, “ఉత్పలమాల గణాలు తప్పు చెప్పానండీ, తొమ్మిదో తరగతిలో” అన్నాడు.

మొత్తం పని అర నిమిషం. ఒకటే ఇంకు కాబట్టి ఖర్చు కూడా తగ్గింది. ఐదు వందల కార్డులు పంచాం. పేరు చదవకముందే ఎవరిదో అందరూ చెప్పేశారు. మావయ్యగారు ఆ బొమ్మ పెద్దది చేయించి హాల్లో పెట్టించుకున్నారు. మా ఇంట్లో మిగతావాళ్ళు ఇప్పుడు తమ ఫొటోలు నాకు పంపుతున్నారు. వాళ్ళందరికీ, మీకూ కలిపి చెబుతున్నాను. అంకె 96. మీసానికి రంగు మాత్రం ఎవరిది వాళ్ళే వేసుకు రావాలి.